బ్రెయిన్ హెమరేజ్ భయం ఉన్నవాళ్లు ఏ విటమిన్ మాత్ర ఎంచుకోవాలి? ఇ, సి, బి, డి, కె, చేపనూనెల పోలిక

విటమిన్ మాత్ర వేసుకుంటే మెదడులో రక్తస్రావం అవుతుందా అన్న ప్రశ్నకు అవుననో కాదనో ఒక్క ముక్కలో చెబితే తప్పే అవుతుంది. ఏ విటమిన్, రోజుకు ఎంత, వేసుకునే మనిషికి బీపీ ఎంతుంది, పక్కన ఇంకే మందులు నడుస్తున్నాయి అన్నవి తెలిస్తే మాత్రం చాలావరకు గట్టిగానే చెప్పొచ్చు. అమ్మకానికి ఉన్న విటమిన్లలో ఎక్కువ వాటికి ఈ విషయంలో భయపడాల్సిన పని లేదు. ఒకటి రెండింటి దగ్గర మాత్రం చెయ్యి ఆపి ఆలోచించాలి. వాటిలో మొదటిది విటమిన్ ఇ. అందుకే ఈ వ్యాసంలో సగం దాని గురించే ఉంటుంది.

## ముందు జబ్బు సంగతి

బ్రెయిన్ స్ట్రోక్ రెండు రకాలు. రక్తనాళంలో గడ్డ అడ్డుపడి మెదడులో ఒక భాగానికి రక్తం అందకపోవడం ఒకటి. నాళం చిట్లి రక్తం బయటికి కారడం రెండోది, దీన్నే బ్రెయిన్ హెమరేజ్ అంటాం. 2019 నాటి ప్రపంచ అంచనాల ప్రకారం కొత్తగా వచ్చిన స్ట్రోకుల్లో దాదాపు 62 శాతం గడ్డ రకం, 28 శాతం మెదడు లోపల రక్తస్రావం, 10 శాతం మెదడును కప్పి ఉండే పొరల మధ్య రక్తస్రావం. లెక్కలో తక్కువే అయినా ప్రాణం తీయడంలో చిట్లే రకమే ముందుంటుంది. మెదడు లోపల రక్తస్రావం అయినవాళ్లలో నూటికి దాదాపు 40 మంది నెల తిరక్కుండానే చనిపోతారు.

చిక్కంతా ఇక్కడే ఉంది. రక్తం గడ్డకట్టే గుణాన్ని తగ్గించేది ఏదైనా మొదటి రకాన్ని కొంత ఆపుతుంది, రెండో రకానికి కొంత దారి ఇస్తుంది. అలాంటి పదార్థాన్ని "రక్తం పలచబడుతుంది, మంచిదే" అనుకుని వేసుకునేవాళ్లు ఆ రెండో సగాన్ని లెక్కలోకి తీసుకోరు.

మెదడు లోతుల్లోకి వెళ్లే నాళాలు చాలావరకు అర మిల్లీమీటరు మందం కూడా ఉండవు. పెద్ద ధమని నుంచి అవి నేరుగా చీలుతాయి కాబట్టి అందులోని ఒత్తిడి పెద్దగా తగ్గకుండానే వీటి గోడల మీద పడుతుంది. బీపీ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే గోడలోని కండర కణాలు చచ్చిపోయి, వాటి చోట గట్టి పదార్థం పేరుకుని, గోడ పెళుసవుతుంది. ఒకరోజు ఎక్కడో చిన్న చీలిక వస్తుంది. మామూలుగా అయితే ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టించే చిన్న కణాలు) క్షణాల్లో అక్కడికి చేరి ఒకదానికొకటి అతుక్కుంటాయి, వాటిపైన ఫైబ్రిన్ అనే ప్రొటీన్ దారాలు వల అల్లుకుంటాయి, ఆవగింజంత రక్తంతో సంగతి ముగిసిపోతుంది. ప్లేట్‌లెట్లు మందకొడిగా ఉంటే అదే చీలిక నుంచి రక్తం కారుతూ పోయి నిమ్మకాయంత గడ్డ అవుతుంది. విటమిన్ ఇ నాళానికి చిల్లు పెట్టదు. చిల్లు పడ్డాక పూడ్చే పనిని ఆలస్యం చేస్తుంది. బీపీ ఉన్నవాళ్లకి దీని గురించి ప్రత్యేకంగా చెప్పాల్సి రావడం అందుకే.

## మాత్ర ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు బీపీ. ఇంట్లో మెషీన్ ఉంటే ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని, వీపు ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు చూడండి. పొద్దున, సాయంత్రం, వారం రోజులు రాసి పెట్టండి. ఇంట్లో తీసిన రీడింగుల సగటు 135/85 దాటుతుంటే ఏ విటమిన్ వేసుకోవాలన్న ఆలోచన పక్కన పెట్టి డాక్టరును కలవాలి. హెమరేజ్ ముప్పును తగ్గించడంలో బీపీ మందు చేసే పనికి దరిదాపుల్లోకి వచ్చే విటమిన్ ఒక్కటీ లేదు.

రెండోది, ఇప్పటికే నడుస్తున్న మందులు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్, అపిక్సాబాన్, రివరోక్సాబాన్, డబిగాట్రాన్ ఇవన్నీ రక్తం గడ్డకట్టడాన్ని తగ్గించేవే. చాలామంది లెక్కలోకి తీసుకోనివి ఇంకా రెండున్నాయి. ఒకటి, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు. రెండోది, ఫ్లూయాక్సిటిన్, సెర్ట్రాలిన్ లాంటి డిప్రెషన్ మందులు. ప్లేట్‌లెట్లు సెరొటోనిన్‌ను వాడుకుంటాయి, ఈ మందులు దాన్ని వాటికి అందకుండా చేస్తాయి.

మూడోది పొగ అలవాటు, మానేసినా సరే. నాలుగోది గత చరిత్ర: ఇంతకు ముందు హెమరేజ్ అయి ఉండటం, నాళంలో ఉబ్బు ఉందని తెలిసి ఉండటం, ఎంఆర్ఐ రిపోర్టులో "మైక్రోబ్లీడ్స్" (మెదడులో చుక్కల్లాంటి పాత రక్తస్రావపు గుర్తులు) అని రాసి ఉండటం.

చివరిది, అసలు అవసరం ఉందా అన్నది. రక్తపరీక్షలో లోపం తేలిందా, డాక్టరు ఫలానా జబ్బుకని రాశారా, లేక ఎవరో మంచిదన్నారనా? మూడోది అయితే కొద్దిపాటి ముప్పు కూడా ఎక్కువే, ఎందుకంటే త్రాసులో రెండో వైపు ఏమీ లేదు.

## ఒక్క చూపులో

| మాత్ర | మెదడు రక్తస్రావం విషయంలో | నిజంగా అవసరం ఎవరికి | ఎవరు దూరంగా ఉండాలి |
|---|---|---|---|
| విటమిన్ ఇ (విడిగా, 400 ఐయూ వంటివి; ఐయూ అంటే విటమిన్లను కొలిచే ఒక యూనిట్) | ముప్పు పెరిగిన ఆధారం ఉంది | కొవ్వును పీల్చుకోలేని జబ్బులు, కొన్ని లివర్ కేసులు | బీపీ అదుపులో లేనివాళ్లు, రక్తం పలచన చేసే మందులు వాడేవాళ్లు, హెమరేజ్ అయినవాళ్లు |
| బీటా కెరోటిన్ (విడిగా) | పొగ తాగే మగవాళ్లలో పెరిగింది | విడి మాత్రగా దాదాపు ఎవరికీ వద్దు | పొగ తాగేవాళ్లు, మానేసినవాళ్లు |
| విటమిన్ సి | పెరగలేదు | లోపం ఉన్నవాళ్లు | కిడ్నీ రాళ్లు వచ్చేవాళ్లు (పెద్ద మోతాదు) |
| ఫోలిక్ యాసిడ్ | పెరగలేదు, గడ్డ రకం కొంత తగ్గింది | గర్భం కోరుకునేవాళ్లు, లోపం ఉన్నవాళ్లు | బి12 చూసుకోకుండా పెద్ద మోతాదు ఎవరూ వద్దు |
| బి12 | సంబంధం లేదు | శుద్ధ శాకాహారులు, ఏళ్లుగా షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు | ప్రత్యేకంగా ఎవరూ లేరు |
| విటమిన్ డి | మేలూ లేదు, కీడూ లేదు | లోపం తేలినవాళ్లు | రక్తంలో కాల్షియం ఎక్కువున్నవాళ్లు |
| విటమిన్ కె | లోపమే ముప్పు | అప్పుడే పుట్టిన బిడ్డలు, లోపం ఉన్నవాళ్లు | వార్ఫరిన్ వాడేవాళ్లు (డాక్టరుకు చెప్పకుండా కె వేసుకోకూడదు) |
| చేపనూనె | మామూలు మోతాదులో పెరగలేదు | రక్తంలో ట్రైగ్లిజరైడ్ కొవ్వు ఎక్కువున్న కొందరు | పెద్ద మోతాదు: గుండె లయ తప్పేవాళ్లు |
| మల్టీవిటమిన్ | ముప్పు తేలలేదు | తిండి సరిగా సాగనివాళ్లు | లేబుల్ చూడకుండా రెండు మూడు కలిపేవాళ్లు |

## విటమిన్ ఇ

ఇది రెండు చోట్ల పనిచేస్తుంది. ప్లేట్‌లెట్ల లోపల ప్రొటీన్ కైనేజ్ సి అనే ఎంజైమును నెమ్మదింపజేసి అవి అతుక్కోవడాన్ని తగ్గిస్తుంది. ఇంకోవైపు, లివర్లో రక్తం గడ్డకట్టించే కారకాలు 2, 7, 9, 10 తయారు కావడానికి విటమిన్ కె కావాలి. ఇ మోతాదు ఎక్కువైతే కె చేసే ఆ పనికి అడ్డుపడుతుంది. ఒంట్లో కె నిండుగా ఉన్నవాళ్లకి ఇది తెలియకుండానే గడిచిపోతుంది. తిండి తగ్గినవాళ్లకి, వార్ఫరిన్ మీద ఉన్నవాళ్లకి తేడా కనిపిస్తుంది.

ఆధారాల విషయానికొస్తే, 2010లో బీఎంజే పత్రికలో 9 పరీక్షలను కలిపి చేసిన విశ్లేషణ వచ్చింది. మొత్తం 1,18,765 మంది. విటమిన్ ఇ తీసుకున్నవాళ్లలో చిట్లే రకం స్ట్రోక్ 22 శాతం పెరిగింది, గడ్డ రకం 10 శాతం తగ్గింది, రెండూ కలిపి చూస్తే మొత్తం స్ట్రోకుల్లో తేడా లేదు. శాతాలు చూసి హడలిపోకుండా మనుషుల్లో లెక్కపెడదాం. 1,250 మంది ఇ వేసుకుంటే అదనంగా ఒక హెమరేజ్, 476 మంది వేసుకుంటే ఒక గడ్డ స్ట్రోక్ తగ్గుదల. అంటే పదివేల మందిలో 8 హెమరేజులు పెరిగి, 21 గడ్డ స్ట్రోకులు తగ్గాయి.

ఈ లెక్క చూసి "అయితే లాభమే కదా" అనిపించవచ్చు. అలా అనుకోకూడదు, రెండు కారణాలున్నాయి. హెమరేజ్ ఒక్కటి వస్తే జరిగే నష్టం గడ్డ స్ట్రోక్ కన్నా సగటున చాలా ఎక్కువ. రెండోది, గడ్డ స్ట్రోకును అంతకన్నా ఎక్కువగా తగ్గించే దారులు మన చేతిలో ఉన్నాయి: బీపీ అదుపు, పొగ మానడం, అవసరమైనవాళ్లకి స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు). వాటిలో మొదటి రెండింటికి ఈ వెల లేదు.

విడివిడి పరీక్షలు ఇంకొంచెం వివరంగా చెబుతాయి. అమెరికాలో 50 దాటిన 14,641 మంది మగ డాక్టర్లకు రోజు విడిచి రోజు 400 ఐయూ ఇచ్చి సగటున 8 ఏళ్లు గమనించారు. 2008లో ఫలితాలు వచ్చాయి. ఇ తీసుకున్నవాళ్లలో 39 హెమరేజులు, డమ్మీ మాత్ర వాళ్లలో 23. ఫిన్లాండులో 50 నుంచి 69 ఏళ్ల మధ్య పొగతాగే మగవాళ్లు 29,133 మందిపై జరిగిన ఏటీబీసీ పరీక్షలో ఇచ్చింది రోజుకు 50 మి.గ్రా. మాత్రమే. అయినా మెదడు పొరల మధ్య రక్తస్రావం 50 శాతం పెరిగింది. ముప్పు ముఖ్యంగా బీపీ ఉన్నవాళ్లలో కనిపించింది. గడ్డ రకం మాత్రం 14 శాతం తగ్గింది. ఇక 39,876 మంది ఆడవాళ్లకు రోజు విడిచి రోజు 600 ఐయూ ఇచ్చిన పరీక్షలో పదేళ్లు చూసినా హెమరేజ్ పెరగలేదు. కాబట్టి ఇ వేసుకున్న ప్రతివాళ్లకీ ముప్పు ఒకేలా ఉండదు. బీపీ, పొగ, వయసు తోడైన చోట ఎక్కువ, లేనిచోట తక్కువ. మధ్యవయసు దాటిన బీపీ రోగికి, పాతికేళ్ల ఆరోగ్యవంతురాలికి ఒకే సలహా ఇవ్వలేం.

ఈ పరీక్షలు చెప్పే ఇంకో సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. అమెరికా నిపుణులు పెద్దవాళ్లకి విటమిన్ ఇ మాత్రల గరిష్ఠ పరిమితి రోజుకు 1000 మి.గ్రా. అన్నారు. యూరప్‌లో అది 300 మి.గ్రా. డాక్టర్ల పరీక్షలో వాడిన మోతాదు సగటున రోజుకు దాదాపు 90 మి.గ్రా. పనిచేసే విటమిన్‌తో సమానం. రెండు పరిమితులకూ అది చాలా దిగువ. పరిమితి లోపలే ఉన్నాం కదా అన్న ధీమా ఈ ఒక్క విషయంలో పనికిరాదు.

### స్ట్రిప్ వెనక ఏం రాసుందో చదవండి

గందరగోళం అంతా యూనిట్ల దగ్గరే. లేబుల్ మీద "డీఎల్-ఆల్ఫా టోకోఫెరిల్ అసిటేట్ 400 మి.గ్రా." అని ఉంటే అది కృత్రిమ రకం, 400 ఐయూకి సమానం. అందులో శరీరం నిజంగా వాడుకునేది 400 × 0.45, అంటే 180 మి.గ్రా. "డీ-ఆల్ఫా" అని, మధ్యలో ఎల్ లేకుండా ఉంటే సహజ రకం. దాన్ని 0.67తో గుణించాలి: 400 ఐయూ అంటే 268 మి.గ్రా. పెద్దవాళ్లకి రోజుకు కావాల్సింది 15 మి.గ్రా. అంటే ఒక్క క్యాప్సూలు అవసరానికి 12 నుంచి 18 రెట్లు. నూనెలు, గింజలు, పప్పుగింజలు తినేవాళ్లకి ఆ 15 చాలావరకు తిండిలోనే దొరుకుతుంది.

ఎక్కువమంది తప్పు చేసేది కూడికలో. జుట్టుకని ఒక ఇ క్యాప్సూలు 400 ఐయూ, కంటికని ఇంకోదానిలో 400 ఐయూ, మల్టీవిటమిన్‌లో 30 ఐయూ. మొత్తం 830, కృత్రిమ రకమైతే దాదాపు 374 మి.గ్రా. మూడూ మూడు డబ్బాల్లో, మూడు పేర్లతో ఉంటాయి కాబట్టి ఎవరూ కూడరు. చేపనూనె క్యాప్సూళ్లలో కూడా నూనె చెడకుండా కొద్దిగా టోకోఫెరాల్ కలుపుతారు. అది తక్కువే, భయపడక్కర్లేదు. కానీ డబ్బాలన్నీ ఒకచోట పెట్టి ఒక కాగితం మీద రాసుకునే పని ఒక్కసారైనా చేయాలి.

### ఇ తప్పదనే సందర్భాలు

అబెటాలిపోప్రొటీనీమియా (పుట్టుకతోనే కొవ్వును పీల్చుకోలేని జబ్బు), దీర్ఘకాలం పైత్యరసం సరిగా దిగని లివర్ జబ్బులు, సిస్టిక్ ఫైబ్రోసిస్ లాంటి వాటిలో ఇ లోపం నరాలను దెబ్బతీస్తుంది. వాళ్లు డాక్టరు చెప్పిన మోతాదు తప్పక తీసుకోవాలి, ఈ వ్యాసం చదివి ఆపకూడదు.

ఫ్యాటీ లివర్‌లో వాపు దశకు చేరిన, షుగరు లేని పెద్దవాళ్లపై 2010లో వచ్చిన పరీక్షలో రోజుకు 800 ఐయూ సహజ ఇని 96 వారాలు ఇస్తే 43 శాతం మందికి లివర్ మెరుగుపడింది, డమ్మీ మాత్రతో 19 శాతం. ఇక్కడ త్రాసు రెండో వైపు బరువుంది. అయినా మొదలుపెట్టే ముందు బీపీ, ఆస్పిరిన్, మగవాళ్లయితే ప్రోస్టేట్ గురించి డాక్టరుతో మాట్లాడాలి. రోజుకు 400 ఐయూ ఇచ్చిన సెలెక్ట్ పరీక్షలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగింది. స్కానింగులో మామూలు ఫ్యాటీ లివర్ అని వస్తే చాలు ఇ మొదలుపెట్టేయడం ఈ పరీక్ష చెప్పిన మాట కాదు.

కంటి మధ్యభాగం వయసుతో దెబ్బతినే జబ్బు మధ్య దశలో ఉన్నవాళ్లకి, లేదా ఒక కంట్లో ముదిరినవాళ్లకి ఏఆర్ఈడీఎస్ ఫార్ములా అనే విటమిన్లు, ఖనిజాల మాత్ర ఇస్తారు. అది ఐదేళ్లలో జబ్బు ముదిరే అవకాశాన్ని దాదాపు పావు వంతు తగ్గించింది. అందులో 400 ఐయూ ఇ ఉంటుంది. చూపు పోవడం చిన్న విషయం కాదు, కాబట్టి బీపీ అదుపులో ఉంచుకుని వాడటం సబబే. రక్తం పలచన చేసే మందులు వాడేవాళ్లు కంటి డాక్టరుకూ, గుండె డాక్టరుకూ ఇద్దరికీ చెప్పాలి. జబ్బు రాకముందే ముందుజాగ్రత్తగా వేసుకుంటే ఉపయోగం తేలలేదు.

చర్మం మెరవడానికి, జుట్టు ఒత్తుకి, గుండెకి, పిక్కలు పట్టేయకుండా అని ఇ మింగేవాళ్లు మాత్రం ఆపేయొచ్చు. నెమ్మదిగా తగ్గించాల్సిన పని కూడా లేదు.

## బీటా కెరోటిన్

ఫిన్లాండు పరీక్షలోనే ఇంకో భాగం: రోజుకు 20 మి.గ్రా. బీటా కెరోటిన్. మెదడు లోపలి రక్తస్రావం 62 శాతం, లంగ్ క్యాన్సర్ 18 శాతం పెరిగాయి. పొగ తాగేవాళ్లు, మానేసినవాళ్లు దీన్ని విడిగా తీసుకోకూడదు, అంతే. కంటి మాత్ర కొనేటప్పుడు ఏఆర్ఈడీఎస్ రెండో తరం ఫార్ములా, అంటే బీటా కెరోటిన్ బదులు లూటీన్ 10 మి.గ్రా., జియాక్సాంథిన్ 2 మి.గ్రా. ఉన్నది అడిగి తీసుకోండి. క్యారెట్టు, ఆకుకూరలు తినడానికీ దీనికీ సంబంధం లేదు. 2022లో అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ గుండెజబ్బులు, క్యాన్సర్ రాకుండా ఉండటానికని బీటా కెరోటిన్, విటమిన్ ఇ రెండూ వాడొద్దని తేల్చి చెప్పింది.

## విటమిన్ సి

రక్తనాళపు గోడకు బలమిచ్చే కొల్లాజెన్ తయారీకి సి కావాలి. బాగా లోపిస్తే చిగుళ్ల నుంచి రక్తం, చర్మం మీద మచ్చలు వస్తాయి. దీన్ని పట్టుకుని సి ఎక్కువ వేసుకుంటే మెదడు నాళాలు గట్టిపడతాయని చెప్పేవాళ్లున్నారు. పైన చెప్పిన డాక్టర్ల పరీక్షలో రోజుకు 500 మి.గ్రా. సి కూడా ఇచ్చారు. హెమరేజ్ పెరగలేదు, స్ట్రోకులు తగ్గనూ లేదు. లోపం లేనివాళ్లకి అదనపు లాభం లేదు. రోజుకు 2000 మి.గ్రా. దాటితే విరేచనాలు, రాళ్ల బెడద. హెమరేజ్ భయం ఒక్కటే ప్రశ్న అయితే సి నిరపాయమైన ఎంపిక.

## ఫోలిక్ యాసిడ్, బి విటమిన్లు

స్ట్రోక్ విషయంలో విటమిన్లలో ఏదైనా మేలు చేసిందని గట్టిగా చెప్పగలిగేది ఫోలిక్ యాసిడ్ ఒక్కటే, అదీ ఒక షరతుతో. చైనాలో 20,702 మంది బీపీ రోగులపై జరిగి, 2015లో ఫలితాలు వచ్చిన పరీక్షలో ఎనలాప్రిల్ అనే బీపీ మందు 10 మి.గ్రా.తో పాటు ఫోలిక్ యాసిడ్ 0.8 మి.గ్రా. ఇచ్చారు, మిగతావాళ్లకి ఎనలాప్రిల్ ఒక్కటే. నాలుగున్నరేళ్లలో మొదటి స్ట్రోక్ 3.4 శాతం నుంచి 2.7 శాతానికి తగ్గింది. తగ్గింది గడ్డ రకమే. చిట్లే రకంలో చెప్పుకోదగ్గ తేడా లేదు, అంటే పెరగనూ లేదు. అక్కడ పిండిలో ఫోలిక్ యాసిడ్ కలిపే పద్ధతి లేదు. తిండిలో ఫోలేట్ ముందే సరిపడా ఉన్నవాళ్లకి ఇంత లాభం ఆశించలేం.

తప్పు జరిగేది బి12 దగ్గర. ఫోలిక్ యాసిడ్ పెద్ద మోతాదులో తీసుకుంటే బి12 లోపం వల్ల వచ్చే రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తుంది, నరాల దెబ్బ మాత్రం లోపల నడుస్తూనే ఉంటుంది. రోజుకు 1 మి.గ్రా. దాటకూడదు. డాక్టరు వేరే కారణంతో ఎక్కువ రాస్తే అది వేరు. శుద్ధ శాకాహారులు, మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు ముందు బి12 పరీక్ష చేయించుకుని మొదలుపెట్టాలి. బి కాంప్లెక్స్ కొంటుంటే బి6 ఎంతుందో చూడండి. రోజుకు వంద మి.గ్రా. దగ్గర్లో నెలల తరబడి వాడితే కాళ్లూ చేతులూ తిమ్మిర్లెక్కవచ్చు. తిమ్మిర్లకని వేసుకునే మాత్రే తిమ్మిర్లు తెస్తుంది.

## విటమిన్ డి

25,871 మందికి రోజుకు 2000 ఐయూ ఇచ్చి ఐదేళ్లకు పైగా చూసిన పరీక్షలో స్ట్రోక్ తగ్గలేదు. లోపం ఉంటే ఎముకల కోసం వాడండి, రక్తస్రావం భయం అక్కర్లేదు. చూసుకోవాల్సింది ఒకటే: వారానికి ఒకటని రాసిన పెద్ద మోతాదు మాత్రను రోజుకు ఒకటిగా మింగడం. కాల్షియం పెరిగి దాహం, వాంతులు, మతి తప్పడం, కిడ్నీ దెబ్బతినడం దాకా వెళ్తుంది.

## విటమిన్ కె

మిగతావాటికి ఇది తలకిందులు. ఇక్కడ ముప్పు మాత్రతో కాదు, లోపంతో. తల్లిపాలలో కె చాలా తక్కువ, పుట్టిన బిడ్డ ఒంట్లో నిల్వా తక్కువే. అందుకే పుట్టగానే 0.5 నుంచి 1 మి.గ్రా. ఇంజెక్షన్ ఇస్తారు. ఇవ్వకపోతే ఆరోగ్యంగా కనిపించే బిడ్డకు కూడా 2 నుంచి 12 వారాల మధ్య మెదడులో రక్తస్రావం కావచ్చు. ఈ సూది వద్దనే తల్లిదండ్రులు ఈ ఒక్క వాక్యం మళ్లీ చదవాలని నా మనవి.

పెద్దవాళ్లలో లోపం అరుదు. కామెర్లతో పైత్యరసం అడ్డుకున్నప్పుడు, రోజుల తరబడి తిండి లేకుండా యాంటీబయాటిక్స్ నడిచినప్పుడు వస్తుంది. మామూలు మనిషి కె మాత్ర వేసుకుంటే రక్తం చిక్కబడిపోదు. వార్ఫరిన్ మీద ఉన్నవాళ్లకి మాత్రం కె మందుకు ఎదురు పనిచేస్తుంది. వాళ్లు ఆకుకూరలు మానక్కర్లేదు, వారం వారం ఒకే మోస్తరుగా తింటే చాలు. కొత్తగా మల్టీవిటమిన్ మొదలుపెట్టినా, ఆపినా ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే పరీక్ష) అనుకున్న తేదీ కన్నా ముందుగానే చూపించుకోవాలి. అపిక్సాబాన్, రివరోక్సాబాన్, డబిగాట్రాన్ కె మీద ఆధారపడవు, కాబట్టి వాటికి ఈ బాధ లేదు.

## చేపనూనె

విటమిన్ కాకపోయినా అదే అరలో ఉంటుంది, అదే ప్రశ్న వస్తుంది. 11 పరీక్షల్లోని 1,20,643 మందిని కలిపి చూసిన 2024 విశ్లేషణలో మొత్తం రక్తస్రావం గానీ హెమరేజ్ గానీ పెరగలేదు. శుద్ధి చేసిన ఈపీఏని (చేపనూనెలోని ఒక ఒమేగా-3 కొవ్వు) పెద్ద మోతాదులో ఇచ్చిన చోట మాత్రం రక్తస్రావం కొంత పెరిగింది, నూటికి ఒకరికన్నా తక్కువ తేడాతో. నాకు దీనిలో ఎక్కువగా కనిపించే ముప్పు వేరు: రోజుకు 4 గ్రాముల మోతాదులో ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె లయ తప్పడం పెరిగింది. అది గడ్డ స్ట్రోకుకి దారి. రోజుకు ఒక గ్రాము దగ్గర ఆగిపోతే పెద్ద చింత లేదు, పెద్ద లాభమూ లేదు. కాడ్ లివర్ ఆయిల్ అయితే అందులో ఎ, డి కూడా ఉంటాయి, కూడికలో కలపాలి.

## మీరు ఏ కోవలోకి వస్తారు?

బీపీ ఉండి, రక్తం పలచన చేసే మందులేవీ లేనివాళ్లు: విడి ఇ వద్దు. మల్టీవిటమిన్ కావాలంటే ఇ 15 మి.గ్రా. చుట్టుపక్కల ఉన్నది చూసుకోండి. ఫోలిక్ యాసిడ్ గురించి డాక్టరుని అడగడం సమంజసం, బి12 చూసుకున్నాక.

ఆస్పిరిన్ లేదా క్లోపిడోగ్రెల్ మీద ఉన్నవాళ్లు: ప్లేట్‌లెట్ల మీద ఇప్పటికే ఒక బ్రేకు వేసి ఉంది. ఇ రెండో బ్రేకు. నొప్పి మాత్ర మూడోది. మూడూ కలిసిన రోజులు లేకుండా చూసుకోవాలి. డి, బి12, మామూలు మోతాదు సి వాడుకోవచ్చు.

వార్ఫరిన్ మీద ఉన్నవాళ్లు: ఇ, కె రెండూ ఐఎన్ఆర్‌ని చెరో వైపు లాగుతాయి. కొత్త డబ్బా తెరిచే ముందు చెప్పండి, వారంలో ఐఎన్ఆర్ చూపించుకోండి.

ఒకసారి హెమరేజ్ అయినవాళ్లు, ఎంఆర్ఐలో మైక్రోబ్లీడ్స్ ఉన్నవాళ్లు: ఇ మానేయండి, పెద్ద మోతాదు చేపనూనె మానేయండి. ఈ కోవలో నాకు రెండో ఆలోచన లేదు.

గడ్డ రకం స్ట్రోక్ వచ్చినవాళ్లు: ఇ గడ్డ రకాన్ని తగ్గిస్తుందట కదా అని ఆశపడేది వీళ్లే. కానీ వీళ్లు ఎలాగూ ఆస్పిరిన్ లాంటివి వాడుతుంటారు. దానిపైన ఇ చేర్చడం వల్ల లాభం కన్నా రక్తస్రావమే పెరిగే అవకాశం ఎక్కువ.

ఏ జబ్బూ లేనివాళ్లు: లోపం ఉంటే ఆ విటమిన్ ఒక్కటే, లోపం తీరేదాకా. లేకపోతే ఏదీ అక్కర్లేదు.

ఆపరేషన్ ఉన్నవాళ్లు, పన్ను పీకించుకోవడంతో సహా: ఇ, చేపనూనె వాడుతున్నామని ముందే చెప్పండి. విడి ఇని సాధారణంగా రెండు వారాల ముందు ఆపమంటారు, కొవ్వులో నిల్వ ఉండే విటమిన్ కాబట్టి ముందురోజు ఆపితే చాలదు. డాక్టరు రాసిన ఆస్పిరిన్‌ని మాత్రం దీనితో పాటు మీకు మీరే ఆపకండి.

## ఎప్పుడు ఒక్క నిమిషం కూడా ఆగకూడదు

ఒంటి మీద ఊరకే కమిలిన మచ్చలు, ఆగని ముక్కు రక్తం, చిగుళ్ల రక్తం వస్తుంటే విడి ఇ ఆపేసి డాక్టరును కలవాలి. అయితే ఇవేవీ రాకుండానే హెమరేజ్ రావచ్చు, కాబట్టి మచ్చలు లేవుగా అని నిశ్చింతగా ఉండలేం.

జీవితంలో ఎప్పుడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా పిడుగు పడ్డట్టు రావడం, వాంతులు, మూతి ఒక పక్కకు పోవడం, ఒక చెయ్యి పైకి లేపితే జారిపోవడం, మాట తడబడటం, మెలకువ తగ్గడం: వీటిలో ఏ ఒక్కటి వచ్చినా వెంటనే అంబులెన్స్ పిలిచి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. దారిలో ఆస్పిరిన్ ఇవ్వకండి. గడ్డ రకమో చిట్లిన రకమో స్కాన్ చేస్తేనే తెలుస్తుంది, చిట్లిన రకమైతే ఆ మాత్ర రక్తాన్ని ఇంకా ఆగనివ్వదు. ఎప్పుడు మొదలైందో టైము రాసుకోండి. ఇంట్లో ఉన్న మందుల డబ్బాలన్నీ, విటమిన్ డబ్బాలతో సహా, ఒక సంచిలో వేసి పట్టుకెళ్లండి. అత్యవసర విభాగంలో మొదట అడిగే వాటిలో ఏ మందులు వాడుతున్నారన్నది ఒకటి, ఆ గాభరాలో పేర్లు ఎవరికీ గుర్తురావు.